మొక్కు పొట్టేలి పిల్లలు

మా మందలో పుట్టిన గొర్రెపిల్లలు పాలు తాగలేక చచ్చిపోతున్న ఏడాది ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. దిష్టి తగిలిందన్నారు. దొడ్డి వాకిలి దిక్కు మార్చమన్నారు. మొగుడు పోయిన ఆడది మంద మేపితే ఇంతేనన్న మాట కూడా నా చెవిన పడింది. ఆ మాట అన్నవాడి గొర్రెలు మేపేది వాడి పెండ్లామే, అందుకని నేను పట్టించుకోలేదు. పిల్లలకు పై దవడ బాగానే ఉండేది. కింది దవడ మాత్రం పొట్టిగా, లోపలికి పోయి ఉండేది. తల్లి పొదుగు కింద మూతి పెట్టేవి, చప్పరించేవి, చన్ను జారిపోయేది. సీసాతో పాలు పోసి బతికించుకున్నవి కొన్ని, నా ఒళ్ళోనే చల్లబడిపోయినవి కొన్ని.

నావి నల్ల గొర్రెలు, ఉన్ని గొర్రెలు. మా ఆయన తాతల నాటి నుంచి వస్తున్న మంద. రాయదుర్గం చుట్టుపక్కల ఒకప్పుడు ఎటు చూసినా ఇవే ఉండేవి. వీటి ఉన్నితోనే కంబళ్ళు నేసేవాళ్ళు. ఇప్పుడు కంబళి కప్పుకునేవాళ్ళు లేరు, సంతలో మాంసం చూసి కొంటారు. అందుకని అందరూ ఎర్ర గొర్రెలకు మారారు. ఎర్రవి పొడుగ్గా, దొరబిడ్డల్లాగా ఉంటాయి, కాదనను. కానీ వాన ఎగ్గొట్టిన ఏడు చూడాలి వాటి సంగతి. ఎర్రవి నీళ్ళకోసం అరుస్తూ చెట్టు కింద పడుకుంటే, మా నల్లవి బండల సందుల్లో ఎండుటాకు ఏరుకుని తిని, ఇంకో గుట్ట ఎక్కుదామా అన్నట్టు నా మొహం చూసేవి. పొట్టి జీవాలు, మొండి జీవాలు. మా ఆయన పోయిన తర్వాత ఇల్లు నిలబడింది వాటి కాళ్ళ మీదనే.

పిల్లలు చచ్చిపోతున్న ఆ ఏడు ఎండల్లోనే డాక్టరమ్మ వచ్చింది. పశువుల డాక్టరు, చిన్న వయసు. ఏ ఊర్లో ఏ జాతి గొర్రెలు మిగిలి ఉన్నాయో, వాటిలో కల్తీ కానివి ఏవో చూసి రమ్మని ఆమెను పంపారట. బస్సు దిగి, అడుక్కుంటూ అడుక్కుంటూ మా దొడ్డి దాకా నడిచి వచ్చింది.

"నల్ల గొర్రెలు ఈ ఊళ్ళో మీ దగ్గరే ఉన్నాయన్నారమ్మా," అంది.

"ఉండాయి. కొనేకొచ్చినావా, కోసేకొచ్చినావా?"

"కొలవడానికి వచ్చాను."

"కొల్చేకి గొర్రె ఏమన్నా నేలనా తల్లీ?"

ఆమె నవ్వి సంచిలోంచి టేపు తీసింది. ఎత్తు కొలిచింది, రొమ్ము చుట్టూ కొలిచింది, చెవి ఎంత పొడుగో చూసింది, ఉన్ని విడదీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. మెడ దగ్గర సూది పెట్టి చిన్న సీసాలోకి రక్తం తీసుకుంది. ఒక గొర్రె తన్నిన తన్నుకు మోకాలు పట్టుకుని కూలబడింది. నేను పరుగెత్తి పోయాను. "ఇది మంచి బలంగా ఉందమ్మా," అని ఆ మాట కూడా రాసుకుంది. దెబ్బ తగిలినప్పుడు కూడా తన్నిన జీవాన్ని మెచ్చుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ప్రతి గొర్రెకూ తల్లి ఏదని అడిగింది. అది నాకు నోటికి వచ్చు. మేము గొర్రెను తల్లి పేరుతోనే గుర్తు పెట్టుకుంటాం. ఇది చెవిటి దాని కూతురు, అది బావి కాడ ఈనిన దాని మనవరాలు, అట్లా గడగడా చెప్పేశాను.

"మరి తండ్రి?" అంది.

"పొట్టేలు."

"ఏ పొట్టేలమ్మా?"

"మందలో ఉండేది ఒకటే కదా తల్లీ, ఏదేమిటి?"

అది కూడా రాసుకుని పోయింది. తర్వాత మళ్ళీ వచ్చి, దొడ్డి గోడ నీడలో నా పక్కనే నేల మీద కూర్చుని చెప్పింది. "రక్తం పరీక్ష చేయించానమ్మా. మీ మందలో తల్లులు చాలామంది ఉన్నారు. తండ్రి మాత్రం ఒక్కడే. వాడు, వాడి కొడుకు, వాడి మనవడు. అందుకే ఈ దవడలు."

అప్పుడు నాకు అర్థమైంది. ఊళ్ళో అందరికీ నల్లవి ఉన్న రోజుల్లో ఒకరి పొట్టేలు ఇంకొకరి మందలోకి ఊరికే దూరేది. తిట్టుకునేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం, రక్తం మారిపోయేది. అందరూ ఎర్రవాటికి మారాక, కల్తీ అవుతుందని నేను వాటిని దగ్గరికి రానివ్వలేదు. నా పొట్టేలునే ఉంచుకున్నాను, తర్వాత దాని కొడుకును ఉంచుకున్నాను.

"మేనరికానికైనా ఒక గడప దాటల్ల కదా," అన్నాను. "మేము గడప కూడా దాటనీలేదు."

"ఎర్ర పొట్టేలును వదిలితే పిల్లలు బతుకుతాయి," అంది డాక్టరమ్మ. "కానీ అవి నల్ల గొర్రెలు కావు. రెండు మూడు ఈతలు పోతే ఈ జాతి ఇక్కడ ఉండదు. ఆ మాట కూడా మీకు చెప్పాలి కదా."

దాచిపెట్టి మాట్లాడే మనిషి కాదు. మందు రాసిచ్చి పోయేవాళ్ళను చూశాను, ఇట్లా రెండు దారులూ ముందర పెట్టి మన మొహం చూసేవాళ్ళను చూడలేదు. వేరే నల్ల పొట్టేలు ఎక్కడా లేదా అని అడిగాను. తను తిరిగిన ఊళ్ళన్నిటిలో ఒకటి ఉందట, వజ్రకరూరు దిక్కున ఒక పెద్దాయన దగ్గర. దాని రక్తం నా మందలో దేనితోనూ కలవదట. అచ్చమైన నలుపట.

"ఐతే కొందాం," అన్నాను.

"అది మొక్కు పొట్టేలమ్మా. అమ్మరు. కనీసం దాని విత్తనమైనా తీసి మంచులో దాచిపెడతానని అడిగాను. ఆయన కర్ర తీసుకున్నాడు."

నాకు ముందు నవ్వొచ్చింది. మా దిక్కున దేవుడికి ఇచ్చే పొట్టేలు నల్లగా ఉండాలి, ఎక్కడా తెల్ల వెంట్రుక ఉండకూడదు. పుట్టిన పిల్లల్లో అన్నిటికంటే నల్లది, అన్నిటికంటే పుష్టిగలది ఏదో చూసి దాన్నే మొక్కుకుంటాం. ఒళ్ళు చెడకుండా దాని పొట్ట కింద గుడ్డ కడతాం, గొర్రెల మీదికి పోకుండా. ఉలవలు పెట్టి మేపి, జాతరనాడు ఇచ్చేస్తాం. మచ్చ ఉన్నవి, బక్కవి మందలో ఉండిపోయి పిల్లల్ని పుట్టిస్తాయి. భక్తితోనే చేశాం, తాతల నాటి నుంచి చేశాం. మంచి రక్తమంతా పిల్లా పీచూ లేకుండానే పోతా వచ్చింది. డాక్టరమ్మ ఆ మాట అనలేదు. నేనే కూర్చుని ఆలోచిస్తే తెలిసింది.

మరుసటి వారం నేనే బస్సెక్కి పోయాను.

పెద్దాయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరుగు మీద ఆడవాళ్ళు రాగులు చెరుగుతున్నారు.

"ఎవురుమ్మే నువ్వు? రాళ్ళేరేకొచ్చినావా?" అన్నాడు. వాన పడితే ఆ చేలల్లో వజ్రాలకోసం జనం నడుములు వంచి తిరుగుతారు.

"వాన యాడ పడిందన్నా రాళ్ళేరేకి? నీ పొట్టేల్ని చూసేకొచ్చినా."

"చూడు. చూపుకు దుడ్లడగను."

చూశాను. ఏం జీవం అది! కొమ్ములు రెండు చుట్లు తిరిగి చెవుల వెనక ఆనుకుని ఉన్నాయి. వీపు మీద చెయ్యి పెడితే బండ మీద పెట్టినట్టుంది. ఉన్ని విడదీసి చూస్తే మొదలు దాకా నలుపే. దాని నోరు తెరిచి చూశాను, పండ్లు పలక మీద గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. పొట్ట కింద గోనెపట్ట కట్టి ఉంది.

"ఏమన్నా, ఇంత బంగారాన్ని గుడ్డ కట్టి కూచోబెట్టినావే," అన్నాను.

"మొక్కుమ్మే అది. గొర్రెల ఎంబడి పడితే ఒళ్ళు చెడుతాది. బొక్కలు తేలిన పొట్టేల్ని తీస్కపోతే, దేవుడు ఊరుకున్యా మా చుట్టాలు ఊరుకోరు."

"ఈ ఎండకాలం నా మందలో ఇడువు. జాతర నాటికి ఒళ్ళు చేసేకి నేనే మేపుతా."

"మొక్కు పొట్టేలుతో కాపురం చేపిస్తావా? సిగ్గుండాదా నీకు?"

"నాకెందుకన్నా సిగ్గు, కాపురం చేసేది నేనా?"

అరుగు మీద ఆడవాళ్ళ చేతుల్లో చాటలు ఆగిపోయాయి. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దాయన నవ్వు ఆపుకుందామని చూసి, ఆపుకోలేక దగ్గాడు. ఆ తర్వాతే అరుగు చూపించి కూర్చోమన్నాడు.

పొట్టేలు ఎక్కడిదని అడిగాను. చనిపోయిన చెల్లెలి మందలోదన్నాడు. ఆమె పోయాక ఆమె బిడ్డలు మందను కోతకు అమ్మేశారు. లారీ ఎక్కిస్తుంటే ఈయన ఒక్క పిల్లను చంకన పెట్టుకుని తెచ్చుకున్నాడు. మనవడికి జ్వరం తగ్గక ఇంట్లో అందరూ ఏడుస్తున్నప్పుడు దాన్నే మొక్కుకున్నాడు. మనవడు బతికాడు. ఇంక మాట తప్పేది లేదు.

"తప్పమని నేను అనలేదన్నా. దేవుని సొమ్ము దేవునికే. కానీ ఇది పిల్లలు ల్యాకుండా పోతే, మీ చెల్లెలి మంద మొత్తం పోయినట్లే కదా?"

ఆయన లేచి పొట్టేలు మెడ గోకాడు. చివరికి, "నా శనక్కాయ చేను చూసినావా?" అన్నాడు.

చూశాను, వచ్చే దారిలోనే. ఎర్రమట్టి తేలిపోయి, సత్తువ లేకుండా ఉంది. రాత్రిళ్ళు చేలల్లో మందలు కట్టేవాళ్ళు తగ్గిపోయారు కదా, గొర్రెల ఎరువు దొరకడం లేదు.

"మంద తోలుకొచ్చి నీ చేన్లోనే కడతా," అన్నాను. "మంద కట్టినందుకు గింజలు అడగను. నీ పొట్టేలు నీ కండ్ల ముందరే ఉంటాది. బక్కచిక్కుతాదనిపించిన పొద్దు గుడ్డ కట్టుకో."

ఆయన ఒప్పుకున్నాడు.

మంద నడిపించుకుని పోవాలంటే ముందు నా పొట్టేలుకు గుడ్డ కట్టాలి కదా. మా కోడలు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టేచోట పనిచేస్తుంది. మిగిలిన ముక్కలు తెచ్చి, నాడా పెట్టి, దాని పొట్ట కొలతకు చక్కగా కుట్టి ఇచ్చింది. ఊరూరు దాటుకుంటూ పోతుంటే జనం నిలబడి చూశారు. పెద్దాయన అయితే మంద చేన్లోకి దిగుతుంటేనే అరిచాడు, "ఏందిమ్మే, నీ పొట్టేలు ఆఫీసుకు పోతాందా?"

ఆ ఎండకాలమంతా ఆ చేన్లోనే ఉన్నాను. ఆయన రోజూ తెల్లారగానే చద్దితో వచ్చేవాడు. తన పొట్టేలు వెన్నెముక తడిమి చూసేవాడు. చిక్కిందని గొణిగేవాడు. గుడ్డ చేతిలోకి తీసుకునేవాడు. మళ్ళీ అది ఏదో గొర్రె వెనక మూతి పైకెత్తి పోతుంటే చూసి, "సరే, ఈ ఒక్క పొద్దు," అని గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. అట్లా ఎన్ని పొద్దులు పోయాయో. పొట్టేలు నిజంగానే చిక్కింది. ఉలవలు ఉడకబెట్టి పెట్టాను, తుమ్మకాయలు ఏరి పెట్టాను. అది తిన్నది తక్కువ, తిరిగింది ఎక్కువ. డాక్టరమ్మ నడుమ వచ్చి చూసింది. పెద్దాయన ఆమెను చూసి కర్ర తీసుకోలేదు, మజ్జిగ తెప్పించాడు. "మంచులో దాచిపెట్టే పిల్ల వచ్చింది," అన్నాడు. ఆమె వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టి, ఆ నవ్వు మొహంలోనే మళ్ళీ విత్తనం అడిగింది. ఈసారి ఇచ్చాడు. పట్టు వదలని పిల్ల. నాకు కడుపు నిండిపోయింది.

శ్రావణంలో జాతర. పెద్దాయన నన్ను రమ్మన్నాడు, పోయాను. చిక్కిన ఒళ్ళు కనపడకూడదని ఆయన ఆ పొట్టేలుకు ఉన్ని కత్తిరించలేదు. గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే పెద్ద కంబళి మూట నడిచినట్టుంది. చుట్టాలు మెచ్చుకున్నారు కూడా.

గుడి ముందర నిలబెట్టి పసుపునీళ్ళు పోశారు. నీళ్ళు పడ్డాక పొట్టేలు ఒళ్ళు విదిలించాలి, విదిలిస్తేనే దేవుడు ఒప్పుకున్నట్టు. పోశారు. అది కదలలేదు. మళ్ళీ పోశారు. నిలబడి నెమరు వేస్తోంది. డప్పులు ఆగిపోయాయి.

"గొర్రెల్లో వదిలినాడు కదా, ఎంగిలి పొట్టేలు," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"దేవునికి తెలీదనుకున్యాడేమో," అని ఇంకొకరు.

పెద్దాయన మొహం చూడలేకపోయాను. ఆయన చెంబు మళ్ళీ నింపుకున్నాడు. నాకు తెలుసు, అది ఎందుకు విదిలించలేదో. వాన కురుస్తున్నా మా గొర్రెలు చర్మం తడవకుండా నిలబడేది ఆ ఉన్నితోనే. మీద మీద పోసిన నీళ్ళు జారి కింద పడుతున్నాయి, ఒంటికి తగలడం లేదు. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పొట్టేలు బతుకుతుంది. ఇంకో ఎండకాలం నా మందలో తిరుగుతుంది. అది కూడా నాకు తెలుసు.

కానీ ఆయన ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. తన చుట్టాల ముందర తలవంచుకుని నిలబడ్డాడు, నా మంద పిల్లల కోసం. నేను ముందుకు పోయి పొట్టేలు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మెడ నుంచి తోక దాకా రెండు చేతులతో ఉన్ని పాయ తీశాను. నల్లటి చర్మం కనపడింది. "ఇప్పుడు పొయ్యన్నా," అన్నాను. పోశాడు. చల్లనీళ్ళు ఒంటికి తగలగానే అది కొమ్ముల నుంచి తోక దాకా ఒక్కసారి విదిలించింది. నా మొహం నిండా పసుపునీళ్ళు పడ్డాయి. డప్పులు మోగాయి. నేను ఆ తర్వాత అక్కడ ఉండలేదు.

దసరా దాటాక మా మంద ఈనింది. మొదటి పిల్ల బయటపడగానే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఫోన్ పిల్ల మూతి దగ్గర పెట్టాను. చప్పరింపు వినపడింది ఆమెకు. "తాగుతోందా?" అని అటు నుంచి అరిచింది. తాగింది. దాని తర్వాతవి కూడా తాగాయి. ఒక్కదానికి మాత్రం కాలు వంకర. అదీ నడిచింది.

డాక్టరమ్మ వచ్చి పిల్లలకు, ఏది ఏదో తెలిసేట్టు, నంబరు రాసిన చెవి బిళ్ళలు వేసింది. ఒక్క పొట్టేలుతో ఆగితే మళ్ళీ మొదటికే వస్తామని చెప్పింది. పొట్టేలు లేకున్నా నల్ల గొర్రెలు మిగిలిన ఇళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. వాళ్ళందరినీ మా దొడ్డి దగ్గరికి పిలిచింది. ఈ పిల్లల్లో మగవి పెద్దయ్యాక నా మందలో ఉండకూడదు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరగాలి, ప్రతి ఇంటివాళ్ళూ తమ ఇంట పుట్టిన పొట్టేలును పక్కింటికి ఇవ్వాలి. ఇది కాగితం మీద ఊరికే రాస్తే జరిగే పని కాదు. ఎవరి పొట్టేలు వాళ్ళకు ముద్దు కదా. ఆమె ఒక్కొక్కరింట్లో తిని, ఒక్కొక్కరి తిట్లు తిని, ఒప్పించింది.

పెద్దాయన కార్తీకంలో వచ్చాడు. ఊరు దాటి ఇంత దూరం రావడం చాలా ఏళ్ళకు మొదటిసారట. దొడ్డిలోకి దిగి పిల్లలన్నిటినీ చూశాడు. అన్నిటికంటే నల్లటి మగదాన్ని పట్టుకుని చంకన పెట్టుకున్నాడు.

"ఇది నాకియ్యి. మా చిన్న మనవరాలి పెండ్లి కుదరల్లని మొక్కుకున్యా."

"ఇయ్యను," అన్నాను.

"నా పొట్టేలు పిల్లే కదమ్మే!"

"నీ పొట్టేలు పిల్లే. అందుకే ఇయ్యను. ముందు నాలుగు మందలు తిరగల్ల ఇది. పిల్లల్ని ఇయ్యల్ల. ఆ తర్వాత నీ దేవునికి."

"మా దేవుడు కాచుకోవల్లనా?"

"కాచుకోనీ."

ఆయన పిల్లను దింపేసి, తుండుగుడ్డ దులుపుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు. అంత మేలు చేసిన మనిషిని వాకిలి నుంచి పంపేశాను కదా.

బస్సు రాలేదో, వచ్చినా ఎక్కలేదో, పొద్దు వాలకముందే తిరిగి వచ్చాడు. గోడకు చేరగిలబడి కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగాడు.

"ఆడ బస్సు కాడ కూచోని మాట్లాడినా," అన్నాడు.

"ఎవురితో అన్నా?"

"దేవునితోనేలే. కాచుకుంటా అన్యాడు." గ్లాసు కింద పెట్టాడు. "పెండ్లి కూడా అప్పుడే చేద్దాం, ఏం తొందర? దాని మొదటి పిల్లల్లో రెండు పెంటివి, ఆడవి మాత్రం నాకియ్యల్ల. ఒక్కదాన్ని ఇస్తే ఒంటరైపోతాది."

"మందేమన్నా పెడతావా ఈ వయసులో?"

"మా చెల్లెలి మందే అది," అన్నాడు. "నేను పెట్టేదేముండాది."

మా కోడలు పని నుంచి వచ్చి ఆయనకు సంగటి పెట్టింది. తిన్నాక ఆయన ఆ నల్ల పిల్లను మళ్ళీ పట్టుకుని, దాని చెవి బిళ్ళ మీద ఏం రాసి ఉందో చదవమని మా కోడలిని అడిగాడు.